మాగాయ మెగావాట్లు

ప్రభుత్వం ఏ పనైనా నింపాదిగా చేస్తే మనకి ఒళ్లు మండుతుంది. అదే ప్రభుత్వం ఏదైనా తొందరగా చెయ్యడం మొదలెడితే మాత్రం, తెలిసినవాళ్లు డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంటారు. కందులపేట గంగరత్నానికి ఈ సంగతి తెలియదు. అందుకే ఆ రోజు పొద్దున్న ఆవిడ డాబా మీదే ఉంది.

ఆ డాబా ఆవిడకి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకున్నారు. కింది గదులు, దొడ్డి, నుయ్యి, వీధరుగు పెద్దాడికి వెళ్లాయి. చిన్నవాడు, అంటే గంగరత్నం మొగుడు పాపారావు, రైసుమిల్లులో గుమాస్తా. నోట్లో నాలుక లేని మనిషి. "నీకేం కావాలోయ్?" అని పెద్దమనుషులు అడిగితే "మీ దయండి" అన్నాడు. వాళ్ల దయకొద్దీ మేడమీద ఒంటిగదీ, దాని ముందున్న డాబా దక్కాయి.

"నీ వాటాకి ఎండొచ్చిందే గంగా!" అని తోటికోడలు మంగాయమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

 మర్నాడు గంగరత్నం డాబా కడిగి, సున్నం కొట్టించి, పాత పంచె పరిచి మినపవడియాలు పెట్టింది. ఏడాది తిరిగేసరికి కందులపేటలో సగం ఇళ్లకి వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు ఆ డాబా మీద నుంచే వెళ్లేవి. వేసవిలో పెట్టే మాగాయకైతే పక్క ఊళ్ల హోటళ్లవాళ్లు కూడా ముందుగా చెప్పి ఉంచుకునేవారు. పాపారావు జీతం బియ్యానికీ పాలకీ సరిపోతే, తక్కిన సంసారమంతా ఆ ఎండ మీద నడిచేది. అందులోనూ మాగాయే ప్రాణం. రోహిణి కార్తెలో మాగాయ కుదిరితే ఆ ఏడు గట్టెక్కినట్టే.

ఆ సంవత్సరం రాజధాని నుంచి ఒక ఉత్తర్వు బయల్దేరింది. ఉగాది నాటికి ప్రతి జిల్లా నూటికి నూరు పాళ్లు సౌరశక్తి మీద నడవాలి. నడవని జిల్లాల అధికారులు నడుచుకుంటూ అడవిలో ఉన్న ఆఫీసులకి వెళ్లాలి. ఉత్తర్వు అమలుకి ఒక కొత్త శాఖ పుట్టింది. కందులపేటలో దాని అధిపతి పుండరీకాక్షం. ఆయన హోదా 'జిల్లా సౌరశక్తి సత్వర వినియోగ సమగ్ర సాధికార అధికారి'. ఆ పేరు రాసిన బోర్డు ఆఫీసు గోడకి పట్టక, మూల తిరిగి పక్క సందులోకి వెళ్లింది. వీధిలోంచి చదివేవాళ్లకి ఆయన జిల్లా సౌరశక్తి దాకా కనిపించేవాడు. అధికారి కావాలంటే సందులోకి వెళ్లాలి.

అధికారి ఉన్నాడు, జీపు ఉంది, నూకరాజనే అటెండరు ఉన్నాడు. సౌరపలకలే లేవు. పలకలు ఏ దిక్కుకి తిరిగి ఉండాలో తేల్చడానికి రాజధానిలో ఒక సంఘం వేశారు. ఆ సంఘం, సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడో ధ్రువీకరించాలని ఇంకో శాఖకి రాసి జవాబు కోసం చూస్తోంది. ఉగాది చూస్తే నెత్తిమీదికొచ్చింది. పుండరీకాక్షం నిద్ర మానేసి జీపులో ఊరంతా తిరుగుతూ, నూరు పాళ్లు ఎక్కడైనా దొరుకుతాయేమోనని సందులూ గొందులూ చూస్తున్నాడు.

అలా తిరుగుతూ తిరుగుతూ తల పైకెత్తితే గంగరత్నం కనిపించింది.

ఆయన మెట్లెక్కి ఆయాసపడుతూ డాబా మీదికొచ్చాడు.

"అమ్మా, తమరు ఇచ్చట ఏమి నిర్వహించుచున్నారు?"

"ఊరమిరపకాయలండి. ఎండబెడుతున్నా."

"దేని సహాయముతో?"

గంగరత్నం ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎండతోనండి. ఇంకా దేంతో ఎండబెడతారండీ?"

"అనగా బొగ్గు, గ్యాసు, విద్యుత్తు, కిరసనాయిలు ఇత్యాది ఇంధనములేవియు వాడుట లేదు?"

"మిరపకాయలకి కిరసనాయిలెందుకండీ బాబూ!"

పుండరీకాక్షం కళ్ల వెంట బొటబొటా నీళ్లు కారాయి. మిరపకాయల ఘాటేమోనని నూకరాజు రుమాలు అందించాడు. ఘాటు కాదు, ఆనందం.

"నూకరాజూ! రాసుకో. సౌరశక్తి యూనిట్టు నంబరు ఒకటి. స్వచ్ఛందముగా నెలకొల్పబడినది!"

ఆ పూటే లెక్క మొదలైంది. మిరపకాయల్లో పోయిన తడికి ఎంత కరెంటు ఖర్చయ్యేదో నూకరాజు గుణించాడు. మిరపకాయల తర్వాత బట్టల దండేలు, దండేల తర్వాత చాకలిరేవు. చాకలిరేవు 'బృహత్ సౌర క్షేత్రం' అయింది. గోడలకి కొట్టిన పిడకలు 'నిలువు పలకలు' అయ్యాయి. తలంటుకుని వీధిగుమ్మంలో జుట్టు ఆరబెట్టుకుంటున్న ఆడవాళ్లు 'సంచార యూనిట్లు'. మోకాళ్ల నొప్పులకి పొద్దున్నే అరుగు మీద ఎండ కాగుతున్న రిటైరు మేష్టారిని శక్తిని నిల్వ చేయు యూనిట్టుగా రాసుకున్నారు. ఆయన అభ్యంతరం చెప్పబోతే, నిల్వ యూనిట్లు మాట్లాడరాదని పుండరీకాక్షం నోటి మీద వేలేసుకుని చూపించాడు.

కూడితే జిల్లా సౌరశక్తి నూటికి మూడొందల పాళ్లు తేలింది. అతిగా కనిపిస్తుందని పుండరీకాక్షం వినయంగా రెండొందలకి తగ్గించి పంపాడు.

రాజధాని నివ్వెరపోయింది. తక్కిన జిల్లాలవాళ్లకి, మీరేం చేస్తున్నారని తాఖీదులు వెళ్లాయి. వాళ్లంతా కందులపేటకి అధ్యయనయాత్రలకొచ్చి, గంగరత్నం మిరపకాయలు తిరగెయ్యడం నోరు తెరుచుకుని చూసి వెళ్లారు. ఉగాదినాడు సభ పెట్టి 'అగ్రగామి సౌర ఉత్పత్తిదారు' అని ఆవిడకి శాలువా కప్పారు. పాపారావు వేదిక కింద నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. వాళ్ల వంశంలో ప్రభుత్వం పిలిచి తిట్టనివాళ్లు అంతవరకూ ఎవరూ లేరు.

గంగరత్నం ఇంటికొచ్చి శాలువాని వేళ్లతో నలిపి చూసింది. "జారుడు గుడ్డ. దీని మీద వడియం నిలవదు" అని మడిచి పెట్టెలో పెట్టేసింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. పాపం గంగరత్నం అడుసు కూడా తొక్కలేదు, అడుసే నడిచొచ్చి ఆవిడ డాబా ఎక్కింది. సౌర యూనిట్టుగా పేరు ఎక్కాక యూనిట్ల నిబంధనలు వర్తించక మానవు కదా.

మొదట మెట్ల దగ్గర పుర్రె, ఎముకల బొమ్మతో 'ప్రమాదం' బోర్డు పెట్టారు. పాలమనిషి అది చూసి పైకి రావడం మానేసింది. తర్వాత వడియాలు తిరగేసేటప్పుడు రబ్బరు తొడుగులు, ఇనప టోపీ తప్పనిసరి అన్నారు. ఆ తర్వాత ఎర్తింగు. వడియాల పళ్లేనికి రాగితీగ కట్టి, దాన్ని మంగాయమ్మ వీధరుగు మీదుగా దింపి గుమ్మం పక్కన పాతారు. మంగాయమ్మ ఆ తీగ తగిలితే చచ్చిపోతానేమోనని నెలరోజులు దొడ్డిదారినే తిరిగింది. మేడమీద వడియం, కింద నేను, మధ్యలో గవర్నమెంటు అని వీధిలో అందరికీ చెప్పుకుని ఏడ్చింది.

కాకులు ఎత్తుకెళ్లే వడియాలకి 'సరఫరా నష్టం' అని పేరొచ్చింది. నష్టం తగ్గించకపోతే చర్య తప్పదన్నారు. చర్య కాకి మీదా గంగరత్నం మీదా అన్నది మాత్రం చెప్పలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం మబ్బేసింది. బుధవారం పొద్దున్నే పుండరీకాక్షం హాజరయ్యాడు.

"అమ్మా, నిన్నటి దినమున తమ యూనిట్టునందు ఉత్పత్తి ఏల స్తంభించినది?"

"మబ్బేసిందండి."

"దానికి ముందస్తు అనుమతి తీసుకొనబడినదా?"

"ఎవరండీ, మబ్బా?"

"తమరు."

గంగరత్నం నోరు తెరవబోయింది. పాపారావు గదిలోంచి పరిగెత్తుకొచ్చి అడ్డం పడ్డాడు. "పొరపాటైపోయిందండి బాబూ. ఆడమనిషి, తెలీక చేసింది. ఇకమీదట మబ్బెయ్యనివ్వమండి" అని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టిచ్చాడు. పుండరీకాక్షం తృప్తిగా మెట్లు దిగాడు.

"అదేం రాత? రేపు మబ్బేస్తే ఏం చేస్తావు?" అంది గంగరత్నం.

"రేపటి సంగతి రేపు. గవర్నమెంటోరితో మనకెందుకే?" అన్నాడు పాపారావు.

ఇదంతా గంగరత్నం పళ్ల బిగువున భరించింది. ఎందుకంటే టోపీ పెట్టుకున్నా తొడుగులేసుకున్నా, ఎండ మాత్రం ఆవిడదే. పుర్రె బొమ్మ పక్కన కూర్చున్నా వడియం వడియంలాగే ఎండుతోంది. రోహిణి కార్తె రాగానే పుల్లటి మామిడికాయలు బస్తాలతో దింపించింది. చెక్కు తీసి ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి రెండు పెద్ద జాడీల్లోకి ఎత్తి, మూతికి గుడ్డ కట్టింది. మూడు రోజులు ఊరాలి. నాలుగోనాడు పొద్దున్నే ముక్కలు పిండి ఎండలో వెయ్యాలి. బయట రోళ్లు పగిలే ఎండ. గంగరత్నం మనసు నిమ్మళంగా ఉంది.

సరిగ్గా ఆ నాలుగోనాటి ముందురోజు రాజధానిలో సంఘం నివేదిక ఇచ్చేసింది. సూర్యుడు తూర్పునే ఉదయిస్తాడని తేలింది. అన్నాళ్లూ గోదాముల్లో ఆగిపోయిన పలకలన్నీ ఒక్కసారిగా లారీలెక్కాయి. నమోదైన ప్రతి సౌర యూనిట్టునీ తక్షణం ఆధునికం చెయ్యాలని హుకుం. కందులపేటలో నమోదు కాని డాబా ఏదీ, దండెం ఏదీ? తెల్లారేసరికి మనుషులు గంగరత్నం డాబా మీద ఇనపకమ్మీలు పాతుతున్నారు. టిఫిన్ల వేళకి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నల్లటి పలకలు కప్పేశాయి. వాటి కింద చీకటిగా, చల్లగా, గోదాములా ఉంది.

గంగరత్నం జాడీ మూతి గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నా మాగాయ ఎక్కడ ఎండబెట్టుకోవాలండీ?"

"ఇకపై ఎండబెట్టు శ్రమ తమకు లేదమ్మా" అన్నాడు పుండరీకాక్షం. "సదరు పలకలు విద్యుత్తు ఉత్పత్తి చేయును. అది లైనులోనికి పోవును. లైనులోనుండి విద్యుత్తు మరల తమ ఇంటికి వచ్చును. దానితో ప్రభుత్వమువారు ఉచితముగా ఇచ్చు ఆరబెట్టు యంత్రము నడుచును. అందులో ముక్కలు ఎండును."

"అంటే ఎండతో కరెంటు చేసి, ఆ కరెంటుతో మళ్లీ ఎండ చేస్తారాండీ?"

"తమరు విషయమును చక్కగా గ్రహించారు."

యంత్రం వచ్చింది. బీరువా అంత ఉంది. ఒంటిగదిలో అది పట్టాలంటే మంచం బయట వెయ్యాల్సొచ్చింది. పాపారావు దానికి కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మీట నొక్కాడు. అది ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. ఊరంతా ఒక్కసారే గుర్రుమని ఆగిపోయింది. ప్రతి ఇంట్లోనూ అదే యంత్రం మరి. బట్టలకి, మిరపకాయలకి, పిడకలకి, తలంటుకున్న ఆడవాళ్ల జుట్టుకి, అందరూ ఒకేసారి మీట నొక్కారు. లైను మొత్తం పోయింది.

"పైన డాబా నిండా కరెంటు తయారవుతోందంటున్నారు, మా ఇంట్లో ఫ్యానైనా తిరగదేంటండీ?" అని గంగరత్నం కిందికి వంగి, వీధిలో ఉన్న నూకరాజుని అడిగింది.

"లైన్లో కరెంటుంటేనే పలక కరెంటిస్తాదంటమ్మా" అన్నాడు నూకరాజు. "లైన్లో లేనప్పుడు అదీ ఇవ్వదంట. పద్ధతి అలాగుందంట."

ఊళ్లో యంత్రాలన్నీ నడవాలని రాజధానివాళ్లు దూరంగా ఎక్కడో మూసేసిన బొగ్గు కేంద్రాన్ని తాత్కాలికంగా మళ్లీ రాజేశారు. అయినా మధ్యాహ్నమయ్యేసరికి కరెంటు పోతూనే ఉంది. ఇంకో రోజు గడిచింది. గంగరత్నం జాడీ మూత తీసి చూస్తే ఊట మీద అంచు చుట్టూ సన్నటి తెల్లపొర కనిపించింది.  బూజు ఇంకా దిగలేదు, పైనే ఉంది. ఇవాళో రేపో ముక్కలు ఎండ చూడకపోతే రెండు జాడీలూ పారబొయ్యాల్సిందే. అవతల మృగశిర వచ్చేస్తోంది. ఈ మాగాయ పోతే ఏడాది పోయినట్టే, హోటళ్లవాళ్లు ఇంకొకరిని చూసుకుంటే వచ్చే ఏళ్లు కూడా పోయినట్టే.

ఎండ కోసం ఆవిడ ఊరంతా తిరిగింది. మంగాయమ్మ దొడ్లో అడిగింది. దొడ్లో ఒకప్పుడు దండెం ఉండేది కాబట్టి అక్కడా పలకలే. చాకలిరేవు నిండా పలకలు. చాకళ్లు వాటి కింద నీడలో తడిబట్టలు పట్టుకుని కూర్చున్నారు. పిడకల గోడలకి నిలువు పలకలు. మేష్టారి అరుగు మీద కూడా ఒక పలక వేశారు. ఆయన మోకాళ్లు పట్టుకుని లోపల కూర్చున్నాడు. రోహిణి కార్తెలో ఊరు ఊరంతా నీడ. గంగరత్నానికి ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేక నేరుగా ఆఫీసుకి వెళ్లింది. జాడీలు మోసుకుంటూ పాపారావూ, ఒక రిక్షా ఆయనా వెనక వచ్చారు.

పుండరీకాక్షం అంతా సావధానంగా విన్నాడు.

"అమ్మా, జిల్లా పరిధిలో పడు ఎండ యావత్తూ కేటాయింపు పూర్తయినది. మిగులు లేదు. నీడ మాత్రము పుష్కలముగా మిగిలియున్నది. కావలసినంత దరఖాస్తు చేసుకొనవచ్చును."

"నీడలో మాగాయ ఎండదండి."

"అది మాగాయ యొక్క లోపము."

 గంగరత్నం బయటికొచ్చి వాకిట్లో నిలబడింది. తల పైకెత్తి చూసింది. ఊరంతటికీ ఒక్క ఆఫీసు డాబా మీదే ఎండ పెళపెళా కాస్తోంది. అక్కడ పలక లేదు, కమ్మీ లేదు, కనీసం దండెం లేదు. ఆవిడ మళ్లీ లోపలికి వెళ్లింది.

"మరి మీ డాబా మీద పలకలెయ్యలేదేంటండీ?"

"ఇది అమలు చేయు కార్యాలయము" అన్నాడు పుండరీకాక్షం. "అమలు చేయించుకొను కార్యాలయము కాదు."

"అయితే ఆ ఎండ ఎవరికీ ఇవ్వలేదన్నమాట" అని గంగరత్నం కొంగు బిగించి మెట్లెక్కింది.

"ఒసే, అది గవర్నమెంటు డాబానే! జైల్లో పెడతారే!" అని గోల పెడుతూనే పాపారావు వెనక జాడీ మోసుకుంటూ ఎక్కాడు. భయం ఉన్నా పెళ్లాం చేతికి బరువిచ్చే రకం కాదు అతను. గంగరత్నం పంచె పరిచి, తెల్లపొర తీసేసి, ముక్కలు గట్టిగా పిండి వరసగా పరిచింది. ఊట వెడల్పు బేసిన్లో పోసి పక్కన పెట్టింది. కాసేపట్లో ఆఫీసంతా మాగాయ వాసన కమ్మేసింది. గుమాస్తాలకి నోట్లో నీళ్లూరి ఫైళ్లు కదలడం మానేశాయి. ఎప్పుడూ పెద్దగా కదిలేవని కాదు.

పుండరీకాక్షం మండిపడుతూ పైకొచ్చాడు. "తక్షణము ఖాళీ చేయవలెను! ఇది అక్రమ..." అనేలోపల నూకరాజు రొప్పుకుంటూ వెనకే వచ్చాడు.

"సార్, రాజధాని నుంచి కమిషనరుగారు రేపొస్తున్నారంట! జిల్లా అంతా రెండొందల పాళ్లయితే ఆఫీసు సున్నా ఏంటని ఎవరో రాశారంట!"

పుండరీకాక్షం అలాగే ఆగిపోయాడు. ముక్కల వంక చూశాడు. బేసిన్ వంక చూశాడు. కోపం ముఖం మీద నుంచి మెల్లగా దిగిపోయింది.

"అమ్మా" అన్నాడు మెత్తగా, "కొంచెము దూరదూరముగా పరచండి. యూనిట్లు ఎక్కువగా కనిపించును."

ఆ రోజంతా ఎండింది. మర్నాడు మధ్యాహ్నానికి కమిషనరుగారు వచ్చారు. ఎండలో నల్లకళ్లద్దాలు, మెడలో దండ, వెనక కెమెరాలు. గంగరత్నం టోపీ, తొడుగులు పెట్టుకుని ముక్కలు తిరగేస్తోంది. ముక్క చేతికి తేలిగ్గా, అంచులు ముడుచుకుని, లోపల మెత్తగా ఉంది. సరిగ్గా అదును. ఈ సాయంత్రం ఎత్తేసి మళ్లీ ఊటలో వెయ్యాలి. ఒక్కరోజు ఆలస్యమైతే ఒరుగులైపోయి, కొరికితే పళ్లూడతాయి.

"ఏమిటిది?" అన్నారు కమిషనరుగారు.

"ప్రత్యక్ష సౌర గ్రహణ కేంద్రము సార్" అన్నాడు పుండరీకాక్షం. "పలక, తీగ, యంత్రము లేకుండగనే ముక్క స్వయముగా సూర్యశక్తిని గ్రహించును. మొత్తము మీద ఇచ్చట మెగావాట్ల స్థాయిలో మాగాయ ఉన్నది సార్."

 ఉద్యోగమంతటిలో ఇలాంటిది కమిషనరుగారు చూడలేదు. "అద్భుతం. ఈ కేంద్రాన్ని రాష్ట్ర నమూనాగా ప్రకటిస్తున్నాను. ఇక ఇక్కడి ముక్క ఒక్కటైనా ఎవరూ కదపరాదు. దీన్ని యథాతథంగా కాపాడాలి."

 గంగరత్నం ఇనప టోపీ తీసి కింద పడేసింది.

"అయ్యా, తమరి కాళ్లు పట్టుకుంటా. సాయంత్రం తియ్యనివ్వకపోతే నా ఏడాది బతుకు పోద్దండి! ఎండిపోయిన ముక్కకి ఇంకా ఎండెందుకండీ?"

"ఏమన్నావు?" కమిషనరుగారు నల్లకళ్లద్దాలు తీశారు. "ఎండిపోయాక ముక్క ఇంక ఎండని తీసుకోదా?"

"ఏం తీసుకుంటదండీ? ఎండిపోయింది కదండీ."

కమిషనరుగారి ముఖం మారిపోయింది. పుండరీకాక్షం వైపు తిరిగారు. "అంటే రేపటి నుంచి ఇవి పనిచెయ్యని యూనిట్లా? పనిచెయ్యని యూనిట్లతో నమూనా కేంద్రమా? రేపు మంత్రిగారొచ్చి చూస్తే నా గతేమిటి?"

"క్షమించండి సార్!" పుండరీకాక్షానికి చెమటలు పట్టాయి. ఆపదలో ఆయన బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. "సదరు ముక్కలు వ్యయమైన ఇంధనము క్రిందకు వచ్చును. బొగ్గు కేంద్రములో బూడిద వంటివి. వ్యర్థ పదార్థము. వీటిని తొలగించి తడి ముక్కలు నింపినచో ఉత్పత్తి నిరంతరాయముగా సాగును."

"మరి తొలగించరేం? ఈ వ్యర్థం సూర్యాస్తమయంలోగా ఆఫీసు ఆవరణ దాటాలి. బాధ్యత ఈవిడదే. సొంత ఖర్చు, సొంత పాత్రలు. ఒక్క ముక్క మిగిలినా ఊరుకోను!"

"అలాగేనండి" అంది గంగరత్నం. నవ్వు ఆపుకోలేక పైటచెంగు నోట్లో కుక్కుకుంది. పాపారావుకి ఏం జరిగిందో అర్థం కాలేదు కాని, ప్రభుత్వం తిట్టి పంపుతోంది కాబట్టి క్షేమంగానే ఉన్నామనుకున్నాడు. ఇద్దరూ వ్యర్థ పదార్థాన్ని జాడీలకెత్తి, ఊట వంచుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరారు.

మాగాయ కుదిరింది. కారం, మెంతిపొడి కలిపి ఇంగువ తాలింపు పెడితే వీధి మొత్తం ఆగి వాసన చూసింది. గంగరత్నానికి ఆ రోజు కడుపు నిండినంత సంతోషమైంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆఫీసు డాబా మీద వీధి వీధంతా వంతులేసుకుని తడిముక్కలు నింపడం, వ్యర్థం తొలగించడం సాగింది. మంగాయమ్మ కూడా వచ్చి, తోటికోడలి పక్కనే కూర్చుని ఒరుగులు పెట్టుకుంది.

మృగశిర ఇంకా రెండురోజులుందనగా, ఒక మిట్టమధ్యాహ్నం పుండరీకాక్షం మళ్లీ మేడమెట్లెక్కి వచ్చాడు. జీపు లేదు, నూకరాజు లేడు. చంకలో ఒక పెద్ద జాడీ ఉంది. కరెంటు లేక, పలకల కింద ఉక్కలో గంగరత్నం తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది. ఆయన బయట వేసిన మంచం అంచున కూర్చుని చొక్కా గుండీ విప్పుకున్నాడు.

"మా ఆవిడ పంపిందమ్మా. మీ మాగాయ లేకపోతే మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు" అన్నాడు. ఆయన నోట మామూలు తెలుగు రావడం అదే మొదటిసారి. గంగరత్నానికి ఆయన మీద ఉన్న కోపం సగం చల్లారిపోయింది. ఎంతైనా మాగాయ అడిగిన మనిషి.

"దానికేం భాగ్యమండీ, ఇస్తాను" అని లోపల్నుంచి తన జాడీ, గరిటె తెచ్చి, ఆయన జాడీ వంక చూసింది. "ఇంత పెద్దదెందుకండీ? నలుగురున్న ఇంటికి ఏడాదంతా తిన్నా ఇందులో సగం చాలు."

పుండరీకాక్షం రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"రెండేళ్లకి సరిపడా ఉంచుకుందామనమ్మా. నమూనా కేంద్రానికి మంచి పేరొచ్చింది కదా, దాన్నీ ఆధునికం చేస్తున్నారు. వచ్చే వారం ఆఫీసు డాబా మీద కూడా పలకలేస్తారు. వచ్చే వేసవికి జిల్లాలో ఎక్కడా ఎండుండదు."

గంగరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది.  

"ఆ కాగితం మీద సంతకం ఎవరు పెట్టారండీ?"

"నేనేనమ్మా" అన్నాడు పుండరీకాక్షం, జాడీ మూత తీసి పట్టుకుని.